ఆగస్టు 6 సభకు ముందు ఒక ప్రశ్న: సామాన్యులు కలిసి శాంతిని కోరితే ఎవరైనా విన్నారా?

ప్రశ్న: గ్రంథాలయం మాస్టారు, శ్రీకాకుళం జిల్లా

అందరికీ నమస్కారం. నేను ఉద్యోగ విరమణ చేసిన సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుణ్ణి. మా ఊరి శాఖా గ్రంథాలయంలో పదకొండేళ్ళుగా ప్రతి ఆగస్టు 6న హిరోషిమా దినం జరుపుతున్నాము. అక్కడి బాంబు బాధితుల జ్ఞాపకంగా పిల్లలు కాగితపు కొంగలు చేసి, దారాలకు గుచ్చి కిటికీ ఊచలకు వేలాడదీస్తారు. ఇద్దరు ముగ్గురు పెద్దలు మాట్లాడతారు. చివర ప్రపంచశాంతిని కోరుతూ ఒక తెల్లకాగితం మీద అందరం సంతకాలు చేస్తాము. ఆ పదకొండు కాగితాలూ బీరువాలో ఒక అట్టపెట్టెలో భద్రంగా ఉన్నాయి.

మొన్న ఆదివారం ఈ ఏటి సభ గురించి కూర్చున్నప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, ఈ కాగితాన్ని ఎవరికి పంపుతాము?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మేము దానిని ఎవరికీ పంపలేదన్న సంగతి నాకే అప్పుడు కొత్తగా తెలిసినట్టయింది. దాంతో మిగిలిన పిల్లలూ మాట కలిపారు. ఉక్రెయిన్‌లో, గాజాలో రోజూ మనుషులు చనిపోతుంటే ఇక్కడ నలభై మంది కూర్చుని శాంతి కావాలంటే ఎవరి చెవిన పడుతుందని వాళ్ళ సందేహం. అందులో వెటకారం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు.

కాబట్టి ఇక్కడి పెద్దలను అడుగుతున్నాను. పదవి గానీ, ఆయుధం గానీ, డబ్బు గానీ లేని మనుషులు కలిసి నోరు విప్పడం వల్ల ఎక్కడైనా ఒక యుద్ధం ఆగిందా, కనీసం ఒక బాంబు పరీక్ష ఆగిందా? గాంధీగారి గురించి ఈ పిల్లలకు తెలుసు. వాళ్ళు అడుగుతున్నది మహానుభావుల గురించి కాదు, మనలాంటి వాళ్ళ గురించి. దయచేసి నిజంగా జరిగినవే చెప్పండి. ఫలితం రాకపోతే రాలేదనే చెప్పండి.

జవాబు 1: నిషికసాయి నివాసి, టోక్యో

మాస్టారికి నమస్కారం. మాది రాజమండ్రి, తొమ్మిదేళ్ళుగా టోక్యోలో ఉంటున్నాము. మేముండే నిషికసాయిలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇక్కడికి కాస్త దూరంలో యుమెనొషిమా అనే చోట ఒక పాత చెక్కపడవను పైకప్పు కట్టి దాచి ఉంచారు. వానాకాలం సెలవురోజున పిల్లలను ఎక్కడికో ఒకచోటికి తీసుకువెళ్ళాలని వెళ్ళి, ఆ పడవ కింద నిలబడి తల ఎత్తి చూసినప్పుడు నాకు మీ ప్రశ్నకు జవాబు దొరికింది. అప్పటికి మీ ప్రశ్న ఇంకా పుట్టనేలేదు.

ఆ పడవ పేరు దైగొ ఫుకుర్యు మారు, అంటే అదృష్ట డ్రాగన్ అయిదవ నెంబరు పడవ. అది యాయిజు రేవు నుంచి 23 మందితో ట్యూనా చేపల వేటకు వెళ్ళింది. 1954 మార్చి 1న అమెరికా పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవుల్లో హైడ్రోజన్ బాంబును పరీక్షించినప్పుడు ఆ పడవ అక్కడికి సుమారు 160 కిలోమీటర్ల దూరంలో ఉంది. హిరోషిమా మీద పడినదానికంటే ఆ బాంబు సుమారు వెయ్యి రెట్లు శక్తిమంతమైనది. పేలుడు తరువాత కొన్ని గంటలకు తెల్లటి బూడిద వానలాగా పడవ మీద కురిసింది. అది ఏమిటో తెలియక ఆ మనుషులు ఒట్టి చేతులతోనే దానిని ఊడ్చి, వలలు సర్దుకుని రెండు వారాలు ప్రయాణించి ఇంటికి చేరారు. అప్పటికే చర్మం కాలి, జుట్టు రాలుతోంది. రేడియో ఆపరేటర్ కుబొయామా ఐకిచి ఆ సెప్టెంబరు 23న చనిపోయారు, ఆయనకు నలభై ఏళ్ళు. హైడ్రోజన్ బాంబుకు బలైనవారిలో తానే చివరివాడు కావాలని ఆయన కోరుకున్న మాటను ఆ మ్యూజియం ఆవరణలో రాతి మీద చెక్కారు.

ఇక సంతకాల సంగతికి వస్తాను. ఆ పడవ తెచ్చిన చేపల్లో రేడియోధార్మికత ఉందని తెలియగానే టోక్యోలో చేపలు కొనేవాళ్ళు లేకపోయారు. ఆ ఏడాది చివరికి 800కు పైగా పడవలు తెచ్చిన చేపల్లో విషం బయటపడింది, వాటిని సముద్రంలోనో మట్టిలోనో పారేశారు. అప్పుడు టోక్యోలోని సుగినామి అనే పేటలో, ఏప్రిల్ నెలలో, స్థానిక ప్రజామందిరంలో మహిళల సమావేశం జరుగుతుండగా ఒక చేపల దుకాణదారు భార్య లేచి, తమ బతుకు దెబ్బతిన్నదని, ఈ బాంబు సంగతి మీరందరూ కూడా పట్టించుకోవాలని వేడుకున్నారు. ఆ మందిరంలో పుస్తకాలు చదువుకోవడానికి వచ్చే గృహిణుల బృందం ఒకటి ఉండేది. మీ గ్రంథాలయం వంటిదే అనుకోండి. మందిరం బాధ్యతలు చూస్తున్న న్యాయశాస్త్ర ఆచార్యుడు యాసుయి కాఓరు వాళ్ళకు తోడు నిలిచారు. ఏ పార్టీ పేరూ, ఏ దేశం మీదా నిందా లేకుండా హైడ్రోజన్ బాంబును నిషేధించాలని ఒక విన్నపం రాసి మే నెలలో సంతకాలు మొదలుపెట్టారు. 3,90,000 జనాభా ఉన్న ఆ పేటలో కొద్ది వారాల్లోనే రెండున్నర లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. అది దేశమంతా పాకి, 1955 ఆగస్టు నాటికి సంతకాలు మూడు కోట్లు దాటాయి. అప్పటి జపాన్ జనాభా తొమ్మిది కోట్లకు లోపే ఉండేది.

వెంటనే పరీక్షలు ఆగాయా అంటే ఆగలేదు. అయితే 1955 ఆగస్టు 6న హిరోషిమాలో మొదటి ప్రపంచ మహాసభ జరిగింది. పదేళ్ళు నోరు మెదపకుండా, తమ కాలిన మచ్చలను దాచుకుని బతికిన బాధితులు ఆ వేదిక మీద మొదటిసారి దేశం ముందు మాట్లాడారు. మరుసటి ఏడాది వాళ్ళ సంఘం నిహొన్ హిదాంక్యొ పుట్టింది. 2024లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది ఆ సంఘానికే. కాబట్టి మీ పిల్లలు చేసే కాగితపు కొంగలకూ, ఆ చేపల దుకాణానికీ నేరుగా సంబంధం ఉందని చెప్పండి.

ఇంకొక్క మాట. ఆ పడవను 1967లో పనికిరాదని వదిలేశారు. చెత్త నింపి నేలగా మారుస్తున్న ఆ యుమెనొషిమాలోనే అది కుళ్ళిపోతూ ఉండేది. 1968లో 26 ఏళ్ళ ఒక ఉద్యోగి పత్రికకు ఉత్తరం రాశాడు. ఆ ఒక్క ఉత్తరం చదివిన జనం కదిలి దానిని కాపాడుకున్నారు.

జవాబు 2: పాత ప్రవాసి, హైదరాబాద్

ఆ అక్కగారు రాసింది చదివి మనసు నిండింది. కానీ మాస్టారు ఫలితం రానివి కూడా చెప్పమన్నారు కనుక నేను చూసినది చెబుతాను. 2003 ఫిబ్రవరి 15న నేను లండన్‌లో విద్యార్థిగా ఉన్నాను. ఇరాక్ మీద యుద్ధం వద్దని ఆ రోజు ప్రపంచంలో 600కు పైగా నగరాల్లో జనం వీధుల్లోకి వచ్చారు. రోమ్‌లో ముప్ఫై లక్షలని అంచనా. లండన్‌లో పోలీసులు ఏడున్నర లక్షలన్నారు, నిర్వాహకులు ఇరవై లక్షల దాకా అన్నారు. నాకు అంకెలు తెలియవు, హైడ్ పార్కు చేరడానికి ఎంతసేపు పట్టిందో మాత్రం గుర్తుంది. విపరీతమైన చలి. నా ముందు నడుస్తున్న ఒక ముసలావిడ తన జీవితంలో ఊరేగింపుకు రావడం ఇదే మొదటిసారని చెప్పి, ఫ్లాస్కులోని టీని మూతలో పోసి నాకు ఇచ్చారు. అంతమంది వద్దన్నాక ఏ ప్రభుత్వమూ యుద్ధానికి పోజాలదని ఆ రాత్రి మేమందరం నమ్మాము. మార్చి 20న బాంబులు పడ్డాయి.

ఆ దెబ్బ నాకు చాలా ఏళ్ళు మానలేదు. సంఖ్య ఎంత పెద్దదైనా, ఒక్కరోజు నడిచి ఇళ్ళకు వెళ్ళిపోయిన జనాన్ని నాయకులు తట్టుకోగలరని ఆ రోజే తెలిసింది. పిల్లలకు ఈ సంగతి దాచకండి.

అయితే తరువాత చదువుతూ పోతే అదంతా వృథా అనడం కూడా తప్పని తేలింది. మార్చి 1న అంకారాలో యుద్ధ వ్యతిరేకులు భారీగా గుమిగూడిన రోజునే, అమెరికా సైన్యాన్ని తమ నేల మీదుగా పోనిచ్చే తీర్మానం టర్కీ పార్లమెంటులో వీగిపోయింది. అనుకూలంగా 264, వ్యతిరేకంగా 250 ఓట్లు పడ్డాయి, 19 మంది తటస్థంగా ఉన్నారు. హాజరైనవారిలో సగానికి మించాలన్న నియమం వల్ల మూడు ఓట్లు తక్కువయ్యాయి. మన దేశంలో పార్లమెంటు ఆ యుద్ధాన్ని నిందిస్తూ ఏప్రిల్‌లో తీర్మానం చేసింది. ఆ తరువాత మన సైనికులను ఇరాక్‌కు పంపమని అమెరికా అడిగితే, ఐక్యరాజ్యసమితి ఆదేశం లేకుండా పంపబోమని జూలై 14న మన ప్రభుత్వం నిర్ణయించింది. అలా పంపి ఉంటే ఏ జిల్లాలోనో ఏ ఇంటి ముందో శవపేటిక దిగి ఉండేది. పదేళ్ళ తరువాత, 2013 ఆగస్టు 29న, సిరియా మీద దాడికి అనుమతి అడిగిన బ్రిటన్ ప్రభుత్వాన్ని వాళ్ళ పార్లమెంటే 285కు 272 ఓట్లతో కాదన్నది. ఆనాటి చర్చ వింటే సభ్యుల నోట మాటిమాటికీ ఇరాక్ పేరే వచ్చింది. ఆ ముసలావిడ నడిచిన నడకకు జవాబు అంత ఆలస్యంగా వచ్చిందని నేను అనుకుంటాను. ఇరాక్‌లో చనిపోయినవారికి మాత్రం అది ఏ విధంగానూ అందలేదు.

జవాబు 3: పాలపళ్ళ డాక్టరు, సెయింట్ లూయిస్

క్లుప్తంగా ఒక సంగతి. నేను దంతవైద్యురాలిని, మాది తెనాలి. జపాన్ అక్కగారు ఆగలేదన్న బాంబు పరీక్షల కథకు తరువాతి భాగం మేముండే ఈ ఊళ్ళోనే నడిచింది. బాంబు పేలినప్పుడు పుట్టే స్ట్రాన్షియం-90 అనే పదార్థాన్ని శరీరం కాల్షియంగా పొరబడుతుంది. అది గడ్డి మీద పడి, ఆవుపాలలోకి వచ్చి, పిల్లల ఎముకల్లో, పళ్ళలో చేరుతుంది. 1958 చివరలో ఇక్కడి పౌరులు, శాస్త్రవేత్తలు కలిసి, ఊడిన పాలపళ్ళను తమకు పంపమని తల్లులను కోరారు. మన ఇళ్ళలో ఊడిన పన్నును పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదకు విసిరేవాళ్ళం కదా, వీళ్ళు కవరులో పెట్టి పోస్టులో పంపారు. పంపిన పిల్లలకు, తన పన్నును విజ్ఞానశాస్త్రానికి ఇచ్చినట్టు రాసి ఉన్న ఒక బిళ్ళ వచ్చేది. 1970 నాటికి దాదాపు 3,20,000 పళ్ళు చేరాయి. పరీక్షలు పెరిగేకొద్దీ పళ్ళలో విషం పెరుగుతున్నట్టు 1961లోనే ఫలితాలు వెలువడ్డాయి. ఆ ఏడాది నవంబరు 1న అమెరికాలో వేలాది గృహిణులు ఇంటిపనిని, ఉద్యోగాలను ఆపి వీధుల్లోకి వచ్చారు. 1963 ఆగస్టు 5న మాస్కోలో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ ఒక ఒప్పందం మీద సంతకం చేశాయి. గాలిలో, నీళ్ళలో, అంతరిక్షంలో పరీక్షలు ఆపుతామన్నాయి. భూగర్భ పరీక్షలు మిగిలాయి, ఫ్రాన్సు, చైనా చేరలేదు. అయినా తల్లులు అడిగిన ఆ ఒక్కటీ, అంటే పాలలో విషం లేకుండా చేయడం, చాలావరకు జరిగింది. పరీక్షలను నిలిపివేయాలని 1954 ఏప్రిల్‌లోనే పార్లమెంటులో నెహ్రూగారు కోరారని కూడా పిల్లలకు చెప్పండి.

జవాబు 4: రాజనీతి అధ్యాపకురాలు, వరంగల్

మాస్టారూ, యుద్ధమే ఆగిన సందర్భం అడిగారు కనుక లైబీరియా గురించి రాస్తున్నాను. పశ్చిమ ఆఫ్రికాలోని ఆ చిన్న దేశంలో 1989 నుంచి 2003 దాకా, మధ్యలో కొద్ది ఏళ్ళు తప్ప, అంతర్యుద్ధం సాగింది. పిల్లల చేతికి తుపాకులిచ్చి పంపిన యుద్ధమది. 2003లో రాజధాని మన్రోవియాలో లేమా బోవీ అనే సమాజసేవకురాలు, మరికొందరు కలిసి చర్చిలకు వెళ్ళే ఆడవాళ్ళను, మసీదులకు వెళ్ళే ఆడవాళ్ళను ఒక్కచోట కూర్చోబెట్టారు. ఎక్కడ కూర్చోబెట్టారన్నదే ముఖ్యం. అధ్యక్షుడు చార్లెస్ టేలర్ కార్ల వరుస రోజూ పోయే దారి పక్కన, చేపల బజారు దగ్గరి మైదానంలో కూర్చోబెట్టారు. తెల్లటి బనీన్లు, తలకు తెల్లగుడ్డ, ఒంటి మీద నగ లేదు. ఎండకూ వానకూ కదలకుండా వారాల తరబడి అక్కడే ఉన్నారు. ఆ దారిన పోయినప్పుడల్లా ఆయనకు వాళ్ళే కనిపించారు. చివరికి ఏప్రిల్ 23న ఆయన వాళ్ళను పిలిచి విన్నాడు, శాంతి చర్చలకు వస్తానన్నాడు.

జూన్‌లో ఘనా రాజధాని అక్రాలో చర్చలు మొదలయ్యాయి. అక్కడ హోటళ్ళలో బస చేసిన తిరుగుబాటు నాయకులు పదవుల పంపకం గురించి వాదిస్తూ వారాలు గడిపారు. అదే సమయంలో మన్రోవియా మీద ఫిరంగి గుండ్లు పడుతూనే ఉన్నాయి. జూలైలో ఒక రోజు ఆ మహిళలు చర్చలు జరిగే మందిరం తలుపుల ముందు చేతులు పెనవేసుకుని నేల మీద కూర్చుని, ఒప్పందం కుదిరేదాకా లోపలివాళ్ళను బయటికి రానివ్వబోమన్నారు. భద్రతా సిబ్బంది తనను అరెస్టు చేయబోతే బోవీ తన ఒంటి మీది బట్టలు విప్పడం మొదలుపెట్టారు. కన్నతల్లి వయసు స్త్రీ అలా చేయడం చూసినవాళ్ళకు శాపమని ఆ ప్రాంతంలో నమ్మకం. సిబ్బంది వెనక్కు తగ్గారు. మధ్యవర్తిగా ఉన్న నైజీరియా మాజీ దేశాధినేత అబ్దుల్‌సలామి అబూబకర్ బయటికి వచ్చి వాళ్ళతో మాట్లాడి, లోపలున్న నాయకులను గట్టిగా మందలించారు. ఆగస్టు 11న టేలర్ దేశం విడిచి వెళ్ళాడు, 18న ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. 2011లో బోవీకి నోబెల్ బహుమతి వచ్చింది.

కేవలం ఆ మహిళల వల్లనే యుద్ధం ఆగిందని నేను తరగతిలో చెప్పను. టేలర్ మీద సియెర్రా లియోన్ ప్రత్యేక న్యాయస్థానం నేరారోపణ చేసింది, తిరుగుబాటుదారులు రాజధానిని చుట్టుముట్టారు, పొరుగుదేశాల సైన్యం దిగింది. కానీ ఆ గదిలో ఉన్నవాళ్ళందరూ ఏదో ఒక వాటా కోరినవాళ్ళే. వాటా అడగనివాళ్ళు తలుపు బయట నేల మీద కూర్చున్నవాళ్ళు మాత్రమే. సంతకాలయ్యాక కూడా వాళ్ళు ఇళ్ళకు పోలేదు. ఆయుధాలు అప్పగించే చోటా, తరువాత ఓటర్ల నమోదులోనూ పనిచేశారు. పాత ప్రవాసి గారు లండన్‌లో లోటుగా చూసినది ఇక్కడ ఉంది. మన దేశానికీ ఇందులో చిన్న పాత్ర ఉంది. 2007 నుంచి 2016 దాకా మన మహిళా పోలీసు దళం ఐక్యరాజ్యసమితి తరఫున ఆ నగర వీధుల్లో కాపలా కాసింది. ఐక్యరాజ్యసమితిలో పూర్తిగా మహిళలతో కూడిన మొదటి దళం అదే.

జవాబు 5: తీరం కుర్రాడు, ఎచ్చెర్ల

మాస్టారూ, నమస్కారం. మీ ఊరికి దగ్గరే మాది. వీళ్ళందరూ చెప్పిన కథల్లో చేపలున్నాయి కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నాను. మన తీరంలో సరైన రేవు లేక మావాళ్ళు గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి అక్కడి బోట్ల మీద వేట చేస్తారని మీకు తెలుసు. 2018 నవంబరులో అలా వెళ్ళిన మన జిల్లావాళ్ళను, విజయనగరంవాళ్ళను హద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకుని కరాచీ జైల్లో పెట్టింది. నీళ్ళ మీద గీత కనబడదు. గుజరాత్‌కూ పాకిస్తాన్‌కూ మధ్యనున్న సర్ క్రీక్ అనే సముద్రపు పాయ దగ్గర ఆ గీత ఎక్కడో రెండు దేశాలకే ఇప్పటికీ ఒప్పందం లేదు. మా పక్కవీధి వదినగారికి అక్కడి నుంచి ఒక ఉత్తరం వచ్చినప్పుడు చదవమని నన్ను పిలిచారు. అరుగు మీద వీధంతా చేరింది. తాను బాగున్నానని, వానలు రాకముందే ఇంటిమీద కొత్త తాటాకు వేయించమని అందులో ఉంది. ఆమె అది మూడుసార్లు చదివించుకున్నారు.

పద్నాలుగు నెలలు ఆ ఆడవాళ్ళు కనిపించిన ప్రతి అధికారికీ అర్జీ ఇచ్చారు. 2020 జనవరి 6న ఇరవై మంది వాఘా సరిహద్దు దగ్గర గేటు దాటి వచ్చారు. మాకు అప్పట్లో తెలియనిది ఏమిటంటే, ఇలా చిక్కుకున్న మన జాలర్లను విడిచిపెట్టాలని కరాచీ వైపు మత్స్యకారుల సంఘాలవాళ్ళు కూడా ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. మన జైళ్ళలో వాళ్ళవాళ్ళూ ఉన్నారు కదా. రెండు దేశాల సామాన్యులు కలిసి 1994లో మొదలుపెట్టిన ప్రజావేదిక ఒకటి ఉంది. మన నౌకాదళాధిపతిగా పనిచేసిన అడ్మిరల్ రాందాస్ అందులో ముందు నిలిచారు. 2004లో ఆయనకూ, పాకిస్తాన్‌కు చెందిన ఐ.ఎ. రెహ్మాన్‌కూ కలిపి మెగసెసే అవార్డు ఇచ్చారు. అడ్మిరల్ గారు 2024 మార్చిలో హైదరాబాద్‌లోనే కన్నుమూశారు.

ప్రతి జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు మార్చుకుంటాయి. జైళ్ళు చూసి, శిక్ష పూర్తయినవారిని గుర్తించడానికి 2007లో రెండు వైపులా రిటైర్డ్ న్యాయమూర్తులతో ఒక సంఘం వేశారు. 2013 తరువాత దాని పర్యటనలు నిలిచిపోయాయి. ఆ అమ్మాయి కాగితం ఎవరికని అడిగింది కదా, ఈ సంఘాన్ని మళ్ళీ పంపమని అడగవచ్చు. అది పెద్ద ప్రపంచశాంతి అవునో కాదో నాకు తెలియదు, మా వదినగారికి మాత్రం అదే.

తిరుగు జవాబు: గ్రంథాలయం మాస్టారు

అమ్మలకూ, అయ్యలకూ, తమ్ముడికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం ఈ జవాబులన్నీ పిల్లల చేత గట్టిగా చదివించాను. పాలపళ్ళ దగ్గర చిన్నపిల్లలు నవ్వారు, తాటాకు దగ్గర అందరూ ఊరుకున్నారు. జాలర్ల ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలు మా గ్రంథాలయంలో ఆరుగురున్నారు. ఇన్ని ఏళ్ళూ వాళ్ళకు హిరోషిమా పాఠం చెప్పాను గానీ, వాళ్ళ ఇళ్ళ సంగతి సభలో ఒక్కసారి కూడా ఎత్తలేదు. అది నా తప్పు.

ఈ ఏడాది సభను గ్రంథాలయంలో కాకుండా చేపల బజారు పక్కనున్న వేపచెట్టు కింద పెడుతున్నాము. సాయంత్రం ఆరింటికి ఆడవాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోతారట, అందుకని పదకొండు గంటలకు, గంపలు ఖాళీ అయ్యే వేళకు మార్చాము. కొంగలను చెట్టుకొమ్మలకు కడతారు. తీరం తమ్ముడు వదినగారిని తీసుకుని రావాలని నా మనవి. ఆమె మాట్లాడకపోయినా ఫరవాలేదు.

విన్నపం ఒక్కదానికే పరిమితం చేశాము. న్యాయమూర్తుల సంఘాన్ని తిరిగి పంపాలని, శిక్ష పూర్తయిన జాలర్లను రెండు వైపులా వెంటనే విడిచిపెట్టాలని అడుగుతున్నాము. మొదట ప్రశ్న వేసిన అమ్మాయే దానిని రాస్తోంది. ఇద్దరు ప్రధానమంత్రుల్లో ఎవరి పేరు ముందు రాయాలని వచ్చి అడిగింది. రెండు కాగితాలు రాసి, రెండింటి మీదా అందరం సంతకాలు చేద్దామని చెప్పాను.